ఉద్దెరకు కొనేదెవరు, ఉద్దెరకు అమ్మేదెవరు?

తెలంగాణ వస్తే ఏమొస్తదని ఉద్యమ కాలంలో మనల్ని అడిగిన వాళ్లందరికీ నీళ్లు, నిధులు, నియామకాలు అని జవాబు చెప్పాం. నియామకాలు అంటే సర్కారు కొలువులని అనుకున్నాం. రాష్ట్రం వచ్చాక పాలకులు ఇంకో మాట చేర్చారు: పెట్టుబడులు వస్తాయి, పెద్ద కంపెనీలు వస్తాయి, కొలువులు అవే వస్తాయి. 2014 నుంచి ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఈ పాట మారలేదు. విదేశీ పర్యటనలు, ఒప్పందాల మీద సంతకాలు, వేల కోట్ల ప్రకటనలు పత్రికల మొదటి పేజీల్లో వస్తూనే ఉన్నాయి.

మరి ఈ గడ్డ మీద వ్యవసాయం తర్వాత ఎక్కువ మందికి అన్నం పెడుతున్నదెవరు? కిరాణం దుకాణం. చాయ్ హోటల్. మగ్గం గుంత. కుట్టు మిషన్. వెల్డింగ్ షెడ్డు. కూరగాయల బండి. 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణన లెక్క చూడండి. పంటల సాగును పక్కన పెడితే దేశం మొత్తం మీద 5.85 కోట్ల సంస్థలున్నాయి. వాటిలో 95 శాతానికి పైగా ఐదుగురు, అంతకు లోపు మనుషులతో నడిచేవే. ఒక్కో సంస్థలో పనిచేసేవాళ్లు సగటున ఇద్దరు ముగ్గురే. పది మంది, అంతకు మించి పనిచేసేవి నూటికి రెండు కూడా లేవు.

ఆ నూటికి రెండుకే రాష్ట్ర విధానమంతా ముడిపడి ఉన్నది. ఇదెక్కడి న్యాయమని అడగాల్సిన పని ఉద్యమకారులది. అయితే అడిగే ముందు లెక్క సరిగా తెలుసుకుందాం. చిన్నదాని బలం ఏంది, పెద్దదాని బలం ఏంది, ఎవరి బలం ఎవరికి ఎందుకు రాదు? ఆవేశంతో కాదు, గల్లా పెట్టె ముందు కూర్చుని చూద్దాం.

గల్లా పెట్టె లెక్క

పెద్ద కంపెనీకి పెట్టుబడి ఎక్కువ, చిన్న దుకాణానికి తక్కువ, తేడా అంతేనని చాలా మంది అనుకుంటారు. అసలు తేడా అది కాదు. పైసలు తిరిగే దిక్కులో తేడా ఉంది. పెద్ద గొలుసు దుకాణం ఉద్దెరకు కొని నగదుకు అమ్ముతుంది. గల్లీ దుకాణం నగదుకు కొని ఉద్దెరకు అమ్ముతుంది. కీలకమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

ఒక పెద్ద సూపర్ మార్కెట్ కోటి రూపాయల సరుకు తెచ్చుకుని, సరఫరాదారుకు 30 రోజుల తర్వాత డబ్బు కడుతుందని అనుకుందాం. ఆ సరుకు పది రోజుల్లో అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు బిల్లు కౌంటర్ దగ్గరే పైసలు కట్టి పోయారు. అంటే ఇంకో 20 రోజులు ఆ కోటి రూపాయలు కంపెనీ చేతిలో వడ్డీ లేకుండా ఆడుతాయి. అది మరో దుకాణం తెరవడానికో, మరో సరుకు కొనడానికో పనికొస్తుంది. సరఫరా చేసిన చిన్న తయారీదారు మాత్రం ఆ 30 రోజులూ బ్యాంకుకు వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. పెద్ద కంపెనీకి పెట్టుబడి పెడుతున్నది నిజానికి ఎవరు?

ఇటు గల్లీ దుకాణం చూడండి. పొద్దున్నే బేగంబజారుకో, ఉస్మాన్‌గంజ్‌కో పోయి తెచ్చిన సరుకులో ఎక్కువ భాగానికి అక్కడికక్కడే పైసలు ఇవ్వాలి. అమ్మేటప్పుడు మాత్రం 'రాసుకో శేటూ, ఒకటో తారీఖు ఇస్తా' అనే మాట వినాలి. ఆ పద్దు పుస్తకంలో మేస్త్రీ పేరు ఉంటుంది, ఆటో డ్రైవర్ పేరు ఉంటుంది, బీడీలు చుట్టే అక్క పేరు ఉంటుంది. ఏ బ్యాంకూ వాళ్లకు రుణం ఇవ్వదు. ఏ పెద్ద మాలూ పావుకిలో పప్పు, పది రూపాయల నూనె రాసుకుని ఇవ్వదు. దుకాణదారు ఇస్తాడు. ఎందుకంటే ఆయనకు మనిషి తెలుసు, ఇల్లు తెలుసు, ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరికి కూలి పడలేదో తెలుసు. బ్యాంకు కాగితాలు చూసి అప్పిస్తుంది. దుకాణం ముఖం చూసి అప్పిస్తుంది. ఇది దానధర్మం కాదు. ఇది చిన్న వ్యాపారానికి ఉన్న మొదటి బలం: ఏ కంప్యూటర్‌కూ ఎక్కని సమాచారం.

ఈ బలం విలువ తెలంగాణ ఉద్యోగులకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో ఉపాధ్యాయులు, గెజిటెడ్ అధికారులు, సింగరేణి కార్మికులు, ఆర్టీసీ కార్మికులు దిగారు. పని లేకుంటే జీతం లేదని సర్కారు బెదిరించింది. జీతం పడని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది? గల్లీ దుకాణం పద్దులో వెలిగింది. ధర్నా శిబిరాలకు చాయ్ పంపింది పక్కన ఉన్న హోటల్. టెంటు కిరాయి తర్వాత ఇద్దురుగానీ అన్నది టెంట్ హౌస్. వంటా-వార్పుకు బియ్యం ఇచ్చింది కిరాణం. బంద్ పిలుపు ఇస్తే మొదట షట్టర్ దించింది కూడా వీళ్లే. ఆ రోజు గిరాకి పోతే ఆ రోజు తిండికే తిప్పలయ్యేవాళ్లు ఆ నష్టం భరించారు. మేం శిబిరాల్లో ఉండి కళ్లారా చూసిందే చెప్తున్నాం.

చిన్నదాని బలం ఎక్కడి దాకా?

రెండో బలం ఖర్చు. గల్లీ దుకాణం చాలా చోట్ల ఇంటి ముందు మడిగెలోనే ఉంటుంది. తండ్రి సరుకు తెస్తాడు, తల్లి గల్లా మీద కూర్చుంటుంది, బడి నుంచి వచ్చిన కొడుకు పొట్లాలు కడతాడు. ఏసీ లేదు, సెక్యూరిటీ లేదు, ప్రకటనల ఖర్చు లేదు. పొద్దున ఐదింటికి పాల ప్యాకెట్లతో తెరిచి రాత్రి పదకొండింటికి మూస్తారు. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొట్టమొదట మన హైదరాబాద్‌లోనే దుకాణాలు తెరిచినప్పుడు గల్లీ దుకాణాల పని అయిపోయిందని చాలా మంది రాశారు. అయిపోలేదు. దెబ్బ తిన్నాయి, కొన్ని మూతపడ్డాయి, మిగిలినవి నిలబడ్డాయి.

మూడో బలం మలుపు తిరగడం. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు మాల్స్‌కు తాళాలు పడ్డాయి. గల్లీ దుకాణం షట్టర్ సగం ఎత్తి బస్తీకి బియ్యం, పప్పు అందించింది. చెప్పుల దుకాణం మాస్కుల దుకాణమయింది. ఆటో నడిపిన తమ్ముడు అదే ఆటోలో కూరగాయలు అమ్మాడు. దీనికి బోర్డు మీటింగ్ అక్కర లేదు, ముంబై నుంచి మెయిల్ రానక్కర లేదు. తెల్లారేసరికి నిర్ణయం అయిపోతుంది.

ఇక చేతి నైపుణ్యం సంగతి వేరే చెప్పాలి. పోచంపల్లిలో నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేసి డిజైన్ తీస్తారు. ఏ దారం ఎక్కడ పడితే ఏ పువ్వు విచ్చుకుంటుందో నేసే మనిషి లెక్క కడతాడు. 2005లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, చేర్యాల నకాషీ, కరీంనగర్ వెండి తీగ పని, లాడ్‌బజార్ లక్క గాజులు కూడా ఆ గుర్తింపు పొందాయి. వీటిలో ఒక్కటి కూడా పెద్ద కంపెనీ కనిపెట్టింది కాదు. అన్నీ ఇళ్లల్లో, గల్లీల్లో తరాల తరబడి పెరిగినవి.

అయితే ఈ బలానికి హద్దు ఉంది. పోచంపల్లి నేతన్న రోజుల తరబడి నేసిన డిజైన్‌ను ఎక్కడో ప్రింటింగ్ మిల్లు గంటల్లో గుడ్డ మీద అచ్చేసి పావు ధరకు బజార్లో పెడుతుంది. చేనేతకే ప్రత్యేకించిన రకాలను మరమగ్గాల మీద తయారు చేయకుండా 1985లోనే చట్టం తెచ్చారు. మొదట 22 రకాలు, తర్వాత వాటిని 11కు కుదించారు. ఆ పదకొండింటికైనా కాపలా ఉందా? భౌగోళిక గుర్తింపు కాగితం ఉంటే చాలదు. దాన్ని పట్టుకుని కోర్టులో కొట్లాడే వకీలు ఉండాలి, వకీలుకు ఫీజు ఉండాలి. పెద్ద కంపెనీ లోగోను ఎవరన్నా వాడితే వారంలో నోటీసు వస్తుంది. నేతన్న డిజైన్‌ను దొంగిలిస్తే నోటీసు పంపేదెవరు?

పెద్దదాని బలం ఒప్పుకోవాల్సిందే

చిన్నది అంతా మంచి, పెద్దది అంతా చెడు అని రాసి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. అది నినాదం అవుతుంది గానీ లెక్క కాదు. కరోనాకు టీకా కావాలంటే జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ లాంటి సంస్థ ఉండాల్సిందే. బొగ్గు తవ్వాలంటే సింగరేణి ఉండాల్సిందే. ఏళ్ల తరబడి ఆదాయం లేకుండా పరిశోధన మీద ఖర్చు పెట్టడం, ఒక చోట నష్టం వస్తే ఇంకో చోట లాభంతో పూడ్చుకోవడం పెద్దదానికే సాధ్యం. పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్, సెలవు, యూనియన్ పెట్టుకునే హక్కు కూడా ఎక్కువగా పెద్ద చోట్లనే దక్కాయి. సింగరేణి కార్మికుడు సంస్థ లాభాల్లో వాటా తీసుకుంటాడు. కిరాణం దుకాణంలో పనిచేసే పోరడికి పండుగకు కొత్త అంగీ వస్తే గొప్ప. ఈఎస్ఐ చట్టం పది మందితో మొదలవుతుంది, పీఎఫ్ ఇరవై మందితో మొదలవుతుంది. ఆ సంఖ్య కింద ఉన్న కూలీ చట్టం కంటికి ఆనడు. చిన్నదాని తక్కువ ఖర్చు వెనక ఇంటి ఆడమనిషి జీతం లేని చాకిరీ ఉంది, బడి మానేసిన పిల్లల చేతులున్నాయి. ఈ నిజం దాచిపెడితే మన వాదనకే నష్టం.

పెద్దదానికి ఇంకో గొప్ప బలం ఉంది. అది బడి లాంటిది. హైదరాబాద్ చరిత్రే సాక్ష్యం. హెచ్ఎంటీ, ఐడీపీఎల్, ప్రాగా టూల్స్, ఆల్విన్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటి పరిశ్రమల చుట్టూ బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. పెద్ద ఫ్యాక్టరీలో లేత్ మీద చేయి తిరిగిన మనిషి బయటికొచ్చి సొంత లేత్ పెట్టుకున్నాడు. హెచ్ఎంటీలో పనిచేసిన ఇంజనీర్లు 1970లో బాలానగర్‌లో పెట్టిన ఎంటీఏఆర్ తర్వాత అంతరిక్ష, అణు రంగాలకు విడిభాగాలు చేసే కంపెనీ అయింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. హైదరాబాద్ మందుల పరిశ్రమ వేర్లు ఐడీపీఎల్‌లో ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. అంటే ఒకనాటి ప్రభుత్వ రంగం తన చుట్టూ చిన్నవాటిని బతకనిచ్చింది, పని నేర్పింది, ఆర్డర్ ఇచ్చింది. ఇప్పుడొస్తున్న పెద్ద కంపెనీల నుంచి మన షెడ్లకు ఎంత పని వస్తున్నది, మన పోరగాండ్లకు ఏం పని నేర్పుతున్నరు? వేల కోట్ల ప్రకటన చేసే ప్రతి మంత్రినీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

పెద్దదైతే పడదా?

పెద్దది పడదు, చిన్నదే పడుతుందని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష సుమారు 1,600 దుకాణాల దాకా పెరిగి 2009లో ఒక్కసారిగా మూతపడింది. 2001లో మొదలై మన పట్టణాల్లో కూడా వెలిగిన బిగ్ బజార్ అప్పుల్లో కూరుకుపోయి 2022లో పేరే లేకుండా పోయింది. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్రను 2007లో బిర్లా గ్రూపు కొనేసి మోర్ చేసింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లేని డబ్బు ఉన్నట్టు చూపించామని ఒప్పుకున్న రోజు సుమారు 50 వేల మంది ఉద్యోగులకు నిద్ర పట్టలేదు.

మన జిల్లాల్లో అంతకన్నా లోతైన గాయాలున్నాయి. నిజాం కాలంలో 1934లో ఓరుగల్లులో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటుకు అప్పజెప్పారు, 2015 డిసెంబర్‌లో తాళం వేశారు. అప్పటికి మన రాష్ట్రం వచ్చి ఏడాదిన్నర. ఉద్యమ సభల్లో నిజాం షుగర్స్ పేరు చెప్పని ఉపన్యాసం ఉండేదా?

తేడా ఏందంటే, చిన్న దుకాణం పడితే ఒక ఇల్లు పడుతుంది. పెద్ద మిల్లు పడితే ఒక ఊరు పడుతుంది. ఆజంజాహి సైరన్ ఆగిపోయినప్పుడు కార్మికులు ఒక్కరే రోడ్డున పడలేదు. వాళ్లకు చాయ్ పోసిన హోటల్, బట్టలు కుట్టిన దర్జీ, సైకిల్ బాగు చేసిన షాపు కూడా పడ్డాయి. అందుకే చిన్నదాన్నీ పెద్దదాన్నీ శత్రువులుగా చూపించే వాదన మాకు సరిపడదు. నష్టం వచ్చేది ఎక్కడంటే, పెద్దదాని గెలుపును దాని తెలివి అని, చిన్నదాని ఓటమిని దాని తలరాత అని సర్కారు రాసుకున్నప్పుడు.

ఒక్క కొనుగోలుదారు మీద సిరిసిల్ల

సిరిసిల్ల కథ ఈ విషయానికి అద్దం. అక్కడ పాతిక వేలకు పైగా మరమగ్గాలున్నాయి. పైన సేటు, మధ్యలో కొన్ని సాంచాలు పెట్టుకున్న ఆసామి, కింద సాంచా నడిపే కార్మికుడు. నూలు ధర, కరెంటు ధర, గుడ్డ ధర మూడూ బయటివాళ్ల చేతిలోనివే. అందుకే 2000లలో అక్కడ వరసగా ఆత్మహత్యలు జరిగాయి. 2017లో బతుకమ్మ చీరల పథకం వచ్చింది. మొదటి ఏడాది సూరత్ నుంచి కూడా చీరలు తెప్పించి సర్కారు మాట పడ్డది. తర్వాతి ఏడాది నుంచి ఆర్డర్లు సిరిసిల్లకు పెరిగాయి, సాంచాల చప్పుడు పెరిగింది, కార్మికుడికి కూలి పెరిగింది.

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల ఆర్డర్ రాలేదు. పాత బకాయిలు సకాలంలో పడలేదు. సిరిసిల్ల మళ్లీ ఉరితాళ్ల ఊరయింది. ఆ తర్వాత మహిళా సంఘాల సభ్యులకు చీరలనే పేరుతో ఆర్డర్లు ఇచ్చారు. పేరు మారింది, గద్దె మారింది. సిరిసిల్ల మాత్రం ఒక్క కొనుగోలుదారు వైపు చూసే పరిస్థితి నుంచి బయటపడలేదు. చిన్నదానికి ఉన్న పెద్ద బలహీనత ఇదే. వంద మంది గిరాకీలున్న కిరాణంలో ఒకరు పోతే తొంభై తొమ్మిది మంది ఉంటారు. ఒక్క సేటుకో, ఒక్క కంపెనీకో, ఒక్క సర్కారుకో పనిచేసే చిన్న షెడ్డు పేరుకే యజమాని. నిజానికి అది హాజరు పట్టీ లేని కూలీ.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడబిడ్డలది కూడా ఇదే సంగతి. ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, బ్రాండు కంపెనీది. ఇల్లు, వెన్నునొప్పి, దగ్గు మాత్రం వాళ్లవి. ఇప్పుడు పట్నంలో బండి మీద భోజనం పట్టుకుని ఉరికే డెలివరీ తమ్ముడు ఆ బీడీ అక్కకు వారసుడే. బండి ఆయనది, పెట్రోలు ఆయనది, ప్రమాదం ఆయనది. ఆయన్ను 'భాగస్వామి' అని పిలుస్తారు. పెద్ద కంపెనీ నేర్చుకున్న కొత్త విద్య ఇది: లాభాన్ని పెద్దగా, బాధ్యతను చిన్నగా ఉంచుకోవడం.

చట్టం ఎవరి దిక్కు?

ఒకప్పుడు చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన వస్తువుల జాబితా ఉండేది. అందులో 800కు పైగా వస్తువులుండేవి. ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చి 2015 ఏప్రిల్‌లో చివరి 20 కూడా తీసేశారు. ఆ చివరి ఇరవైలో ఏమున్నాయో తెలుసా? పచ్చళ్లు, బ్రెడ్డు, కొవ్వొత్తులు, అగరుబత్తులు, నోటు పుస్తకాలు, గాజులు. పచ్చడి పెట్టే అమ్మ, గాజులు చేసే లాడ్‌బజార్ కారీగర్ వేల కోట్ల కంపెనీతో సమానంగా పోటీ పడాలన్న మాట.

2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం తయారీలో 25 లక్షల యంత్రాల దాకా ఉన్నదాన్ని సూక్ష్మ పరిశ్రమ అన్నది. 2020లో ఆ హద్దును కోటి రూపాయల పెట్టుబడి, 5 కోట్ల టర్నోవర్‌కు, 2025 ఏప్రిల్ నుంచి రెండున్నర కోట్లు, 10 కోట్లకు పెంచారు. ఇప్పుడు ఏటా 9 కోట్ల వ్యాపారం చేసేవాళ్లూ, రోజుకు 900 గల్లా చేసే మిర్చీ బండీ ఒకే పేరు కింద 'సూక్ష్మం'. సూక్ష్మానికి ఇంత రుణం ఇచ్చామని బ్యాంకు చెప్పుకునే లెక్కలో మిర్చీ బండికి దక్కింది ఎంత?

అదే చట్టం ఇంకో మంచి మాట కూడా చెప్పింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరఫరా చేసిన సరుకుకు 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ కట్టాలి. ఎంత గట్టి చట్టమో చూడండి. కానీ ఫిర్యాదు చేసిన షెడ్డుకు మళ్లీ ఆ కంపెనీ ఆర్డర్ ఇస్తుందా? ఇవ్వదు. అందుకే చట్టం పుస్తకంలో ఉంటుంది, బకాయి పద్దులో ఉంటుంది.

2014లో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి కేంద్రం తెచ్చిన వీధి వ్యాపారుల చట్టం. సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరి బండినీ తొలగించొద్దని, పట్టణ వెండింగ్ కమిటీల్లో 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని అది చెప్పింది. రెండోది మన రాష్ట్రం తెచ్చిన టీఎస్ ఐపాస్. భారీ ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతి ఇవ్వాలి, గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క అని అది చెప్పింది. రెండూ చట్టాలే. ఒకటి పరుగెత్తింది. రెండోది ఫుట్‌పాత్ మీద కూర్చుంది. కంపెనీ ఫైలు ఆగితే అధికారిని నిలదీస్తారు. బండి ఎత్తుకుపోతే ఎవర్ని నిలదీస్తారు?

జీఎస్టీ సంగతి కూడా ఉంది. 2019 ఏప్రిల్‌లో చాలా రాష్ట్రాలు సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ హద్దును 40 లక్షల టర్నోవర్‌కు పెంచితే తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. పెద్దోళ్లకు రాయితీల్లో ముందుండే రాష్ట్రం చిన్నోళ్లకు సడలింపులో ఎందుకు వెనకబడింది?

ఇక అప్పు. చార్మినార్ దగ్గర, మోండా మార్కెట్ దగ్గర, జిల్లా కేంద్రాల కూరగాయల బజార్లలో గిరిగిరి వ్యాపారం ఎట్లా నడుస్తదో అందరికీ తెలుసు. 10 వేలు అని రాసుకుని చేతికి 9 వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తీరిపోతూ ఉంటుంది గనక లెక్క కడితే వడ్డీ ఏడాదికి 70 శాతం దాటుతుంది. పెద్ద కంపెనీకి ఇందులో ఏడో వంతు వడ్డీకి బ్యాంకు అప్పు దొరుకుతుంది. పెద్దోడు ఎక్కువ తెలివి గలవాడు కాబట్టి గెలిచాడా, చవక అప్పు దొరికింది కాబట్టి గెలిచాడా?

ముల్కనూరు చూపిన దారి

చిన్నది చిన్నగానే ఉంటూ పెద్దదాని బలం తెచ్చుకునే దారి లేదా? ఉన్నది. అది మన దగ్గరే ఉన్నది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో రైతులు సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం పెట్టుకున్నారు. ఒక్కో రైతుకు కొద్ది ఎకరాలే. కానీ విత్తనం కలిసి కొన్నారు, అప్పు కలిసి తెచ్చుకున్నారు, పంట కలిసి అమ్ముకున్నారు. 2000లో అదే ప్రాంతంలో ఆడబిడ్డలు స్వకృషి డెయిరీ పెట్టి పాల వ్యాపారంలో నిలబడ్డారు. సర్కారు పెత్తనం లేకుండా సభ్యుల పొదుపు, సభ్యుల అజమాయిషీ, పక్కా లెక్కలతో అవి నడిచాయి. రెండు బర్రెలున్న అక్క ఒక్కతే పెద్ద డెయిరీతో బేరమాడలేదు. వేల మంది అక్కలు కలిస్తే ఆడగలరు.

కిరాణం దుకాణాలు ఈ పని చేయలేవా? ఒక మండలంలోని వంద దుకాణాలు కలిసి మిల్లు దగ్గర నేరుగా బియ్యం, పప్పు, నూనె కొంటే పెద్ద గొలుసు దుకాణానికి దొరికే ధర వీళ్లకూ దొరుకుతుంది. ఇన్నాళ్లు కిరాణాలకు టోకుగా అమ్మిన మెట్రో క్యాష్ అండ్ క్యారీని 2023లో రిలయన్సే కొనేసింది. అంటే పోటీదారు దగ్గరే సరుకు కొనే రోజులొచ్చాయి. కలవకపోతే ఇక ఆలస్యమే.

అడగాల్సినవి

ఉద్యమం మనకు నేర్పింది బాధ చెప్పుకోవడం కాదు, డిమాండ్ పెట్టడం. మా డిమాండ్లు ఇవి.

ఒకటి, ఐదుగురి లోపు మనుషులతో నడిచే వాటికి సూక్ష్మంలోనే ప్రత్యేక తరగతి పెట్టాలి. రుణాల లెక్కను ఆ తరగతికి విడిగా ప్రకటించాలి.

రెండు, చిన్న షెడ్లకు, చేనేత సంఘాలకు బకాయి ఉన్న ప్రతి ప్రభుత్వ శాఖా 45 రోజుల గడువును మొదట తానే పాటించాలి. బకాయిల జాబితా ప్రతి నెలా బయట పెట్టాలి. చిన్నోడి తరఫున కేసును సర్కారే నడపాలి, అప్పుడు ఆర్డర్ పోతుందన్న భయం తగ్గుతుంది.

మూడు, భూమి, నీళ్లు, కరెంటు రాయితీ తీసుకునే ప్రతి పెద్ద కంపెనీ ఇక్కడి చిన్న షెడ్ల నుంచి ఎంత కొంటుందో, ఇక్కడి పిల్లలకు ఏం పని నేర్పుతుందో ఒప్పందంలోనే రాయాలి, ఏటా లెక్క చూపాలి.

నాలుగు, ప్రతి పట్టణంలో వీధి వ్యాపారుల సర్వే, గుర్తింపు పత్రాలు, వెండింగ్ కమిటీ ఎన్నిక పూర్తి కావాలి. అనుమతికి 15 రోజుల హక్కు పెద్ద ఫ్యాక్టరీకి ఉన్నట్టే కూరగాయల బండికీ ఉండాలి.

ఐదు, భౌగోళిక గుర్తింపు పొందిన మన పనుల నకిలీల మీద కేసులు వేసే బాధ్యత రాష్ట్రం తీసుకోవాలి.

ఆరు, చిన్న దుకాణంలో, షెడ్డులో పనిచేసే కూలీకి పింఛను, వైద్యం యజమాని తలమీద కాకుండా సంక్షేమ నిధి నుంచి దక్కాలి. చిన్న యజమాని బతకాలి, ఆయన దగ్గర పనిచేసే పోరడూ బతకాలి.

విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. కొలువు కోసం కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏళ్లకేళ్లు తిరుగుతున్న మీ బాధ మాకు తెలుసు. ఆ పోరాటం ఆగొద్దు. కానీ మీ చదువు ఫీజు ఏ గల్లా పెట్టె నుంచి వచ్చిందో కూడా చూడండి. మీ ఊరి బజారులో ఎన్ని దుకాణాలున్నాయి, ఎవరు ఎంత వడ్డీ కడుతున్నారు, ఎన్ని మూతపడ్డాయి? వేసవి సెలవుల్లో ఒక సర్వే చేయండి. సర్కారు దగ్గర లేని లెక్క మన దగ్గర ఉంటే అసెంబ్లీలో మాట్లాడించొచ్చు.

ఉద్యోగ సోదరులకు ఇంకో మాట. సమ్మె నాడు పద్దు రాసుకున్న దుకాణాన్ని జీతం పడ్డ నాడు మరువొద్దు. ఫోన్‌లో పది నిమిషాల్లో సరుకొస్తుందని మురిసిపోతున్నాం. ఆ ఫోన్ ఎవరికీ ఉద్దెర ఇవ్వదు. మళ్లీ ఏదన్నా ఉద్యమం వస్తే అది షట్టర్ దించదు, శిబిరానికి చాయ్ పంపదు.

పెట్టుబడికి ప్రాంతం లేదు. సొంత రాష్ట్రంలో మనోడి పెట్టుబడి మనల్ని చూసి జాలిపడుతుందని అనుకోవడం అమాయకత్వం. నిన్నటి దోపిడీని అడిగిన నోరు ఇవ్వాళ్టి పక్షపాతాన్ని కూడా అడగాలి. పెద్ద కంపెనీలు రావద్దని మేం అనడం లేదు. రానీయండి. కానీ పెద్దోడికి పరిచిన తివాచీలో ఒక మూర చిన్నోడి మడిగె ముందు కూడా పరవండి. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఈ మాత్రం అడిగే హక్కు మనకుంది. అడుగుదాం.